నీళ్ళలో ఉండే బుల్లి పురుగులు ఎంత ఆక్సిజన్ తీసుకుంటున్నాయో కొలవడం ఎలగ? బాటిల్‌లో రీడింగ్ కదలట్లేదు

బరంపురం_అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది బరంపురం, ఎమ్మెస్సీ జువాలజీ ఫైనలియర్ చదువుతున్నా. నా ప్రాజెక్టు ఏటంటే నీళ్ళలో ఉండే బుల్లి జీవాలు గంటకి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయి, నీళ్ళు వేడెక్కేకొద్దీ అది ఎంత పెరుగుద్ది అన్నది. ఛత్రపురం దగ్గర తంపర సరస్సు నుంచి మొయినా తెచ్చాను, అక్వేరియం వాళ్ళు చేపపిల్లలకి మేతగా వేస్తారు కదా అవే. రంభ వైపు చిలికా నీళ్ళలోంచి కోపీపాడ్‌లు కూడా పట్టాను, ఇవి రొయ్యలకి దూరపు చుట్టాలైన బుల్లి జీవాలు.

మా ల్యాబ్‌లో గాజు మూతున్న 300 ఎంఎల్ బీవోడీ బాటిళ్ళున్నాయి, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని కెమికల్స్‌తో లెక్కగట్టే వింక్లర్ టైట్రేషన్‌కి కావల్సినవన్నీ ఉన్నాయి, అదే ఆక్సిజన్‌ని నేరుగా చూపించే మెంబ్రేన్ ప్రోబ్ ఉన్న డీవో మీటర్ ఒకటి, బీవోడీ ఇంక్యుబేటర్ ఒకటి. బాటిల్‌లో ఓ పది మొయినా వేసి మూత బిగించి రాత్రంతా ఉంచి పొద్దున్న చూస్తే రీడింగ్ మొదట ఎంతుందో దాదాపు అంతే ఉంటోంది. ఇంకా విచిత్రం ఏటంటే ఒక్కోసారి పురుగులు వెయ్యని ఉత్తి నీళ్ళ బాటిల్‌లోనే ఆక్సిజన్ ఎక్కువ తగ్గుతోంది! మరి ఇవి ఊపిరి తీసుకోవట్లేదా అంటే మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పెంకు అద్దంలాగ ఉంటాది కదా, లోపల వీపు పక్కన గుండె టకటకా కొట్టుకుంటూ కనపడుతోంది, కాళ్ళు ఒక్క క్షణం ఆగట్లేదు.

మా గైడ్ సంఖ్య పెంచి చూడమన్నారు. సీనియర్లేమో ఎందుకమ్మా ఈ గోల, పేపర్లలో ఉన్న విలువ తీసుకుని రాసెయ్ అంటున్నారు, నాకు అది ఇష్టం లేదు, నేను పట్టిన పురుగుల లెక్క నాకు కావాలి. సంఖ్య పెంచితే సరిపోద్దా, లేకపోతే అసలు పద్ధతే మార్చాలా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఇచ్ఛాపురం_లెక్చరర్

అమ్మా, పేపర్లో విలువ ఎత్తి రాయనన్నావు చూడు, ఆ పట్టుదల వదలకు. నీ పురుగులూ బాగానే ఉన్నాయి, నీ వింక్లరూ బాగానే ఉంది, తేడా అంతా బాటిల్ సైజులో ఉంది. ఓసారి కాగితం మీద లెక్క వేద్దాం రా.

30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు గాలితో పూర్తిగా కలిసి ఉంటే లీటరుకి 7.56 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. అంటే నీ 300 ఎంఎల్ బాటిల్‌లో ఉన్నది సుమారు 2270 మైక్రోగ్రాములు. ఇప్పుడు ఒక మొయినా గంటకి 0.1 మైక్రోగ్రాము తీసుకుంటుంది అనుకుందాం, లెక్క కోసమే, అసలు విలువ నువ్వు కనుక్కోవాల్సిందే కదా. పది మొయినా, పన్నెండు గంటలు, మొత్తం 12 మైక్రోగ్రాములు. 2270లో 12 అంటే అర శాతం, లీటరుకి 0.04 మిల్లీగ్రాములు. ఇక బ్యూరెట్ సంగతి చూడు, 200 ఎంఎల్ శాంపుల్‌ని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే 1 ఎంఎల్ అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము, ఒక్క చుక్క 0.05 ఎంఎల్ అనుకుంటే ఆ ఒక్క చుక్కే 0.05 మిల్లీగ్రాములు. నీ పది పురుగులు రాత్రంతా పీల్చింది ఒక్క చుక్కంత కూడా లేదు! సముద్రంలో కాకిరెట్ట అన్నమాట, అది రీడింగ్‌లో ఎక్కడ కనపడుతుంది?

కాబట్టి ముందు నిర్ణయించుకోవాల్సింది ఏ మీటర్ వాడాలని కాదు, ఒక్కో పురుగుకి ఎన్ని నీళ్ళు అని. నువ్వు కొలిచే టైములో ఆక్సిజన్ కనీసం ఓ 5 శాతమైనా తగ్గేలా చూసుకో, మరీ 20 శాతం దాటి తగ్గనివ్వకు, ఎందుకంటే ఆక్సిజన్ బాగా పడిపోతే జంతువు పీల్చే వేగమే మారిపోతుంది, అప్పుడు నువ్వు కొలిచేది దాని మామూలు స్థితి కాదు. ఈ జాతుల్లో ఒక సంగతి ఉంది, మొయినాకి దగ్గర చుట్టమైన డాఫ్నియా లాంటివి ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళలో కొన్నాళ్ళు ఉంటే ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుని ఎర్రగా తిరుగుతాయి. నువ్వు తెచ్చిన మొయినా ఎర్రగా ఉన్నాయో తెల్లగా ఉన్నాయో నోట్‌బుక్‌లో తప్పకుండా రాసుకో.

ఉత్తి నీళ్ళ బాటిల్‌లో ఎక్కువ తగ్గడానికీ కారణం ఉంది. అవి వడకట్టని సరస్సు నీళ్ళయితే అందులో బాక్టీరియా, నాచు కణాలు బోలెడు, చీకట్లో రాత్రంతా అవన్నీ ఆక్సిజన్ తీసుకుంటాయి. పురుగులున్న బాటిల్‌లో మొయినా వాటిని వడకట్టుకుని తినేస్తుంది! అక్కడ బాక్టీరియా తగ్గింది, ఇక్కడ పెరిగింది, అందుకే తలకిందులుగా వచ్చింది. నీళ్ళని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టు, వీలైతే 0.2 ఇంకా మంచిది, ఆ తర్వాత గాలి కొట్టి ఓ గంట అలా వదిలేసి అప్పుడు వాడు. ప్రయోగం కూడా రాత్రంతా వద్దు, రెండు మూడు గంటల్లో ముగించు, టైము పెరిగేకొద్దీ గాజు గోడలకి పట్టిన బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. బ్లాంకు బాటిళ్ళు, అంటే పురుగులు వెయ్యని ఉత్తి నీళ్ళవి, మాత్రం పురుగుల బాటిళ్ళు ఎన్నుంటే అన్ని పెట్టు. పిల్లలు బ్లాంకు అంటే ఏదో ఒకటి పెట్టేస్తే చాలు అనుకుంటారు, ఇంత చిన్న జీవాల విషయంలో సగం ప్రయోగం అదే.

గోపాల్‌పూర్_హేచరీ

సార్ లెక్క బాగా చెప్పారు. నేను చదువుకుంది తక్కువే చెల్లీ కానీ రొయ్యపిల్లల పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా, ఆక్సిజన్ లెక్క తేడా వస్తే పొద్దున్నకి సరుకంతా పోయే పని ఇది, అందుకే నాకు తెలిసింది చెప్తన్నా.

మేం పీఎల్, అంటే రొయ్యపిల్లల్ని, ప్యాక్ చేసేటప్పుడు పాలిథీన్ సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండ్ వేసి థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి లారీ ఎక్కిస్తాం. ముందే నీళ్ళు మెల్లమెల్లగా చల్లబరుస్తాం, ఎందుకంటే చల్లగుంటే పిల్ల తక్కువ పీలుస్తాది. పది డిగ్రీలు పెరిగితే పీల్చడం సుమారు రెండింతలు అవుద్ది, పది తగ్గితే సగం, నీ ప్రాజెక్టు కూడా అదే కదా. అయితే టెంపరేచర్ ఒక్కసారి మార్చకూడదు, 25లో ఉన్నదాన్ని తీసుకెళ్ళి 35లో పడేస్తే అది బెదిరి గిలగిలా కొట్టుకుంటాది, నువ్వు కొలిచేది దాని బెదురు. ఏ టెంపరేచర్‌లో కొలవాలో అందులో కనీసం ఒకరోజు ముందు నుంచీ ఉంచు.

పట్టుకోడం కూడా చూసుకో. వలతో పట్టి గాల్లోకి ఎత్తావంటే మొయినా పెంకు కింద గాలి బుడగ ఇరుక్కుని నీటిపైన తేలిపోతాది, ఇక అది లోపలికి దిగలేదు, అలా తేలినవి వాడొద్దు. మూతి వెడల్పున్న పిప్పెట్‌తో నీళ్ళతో పాటే పీల్చి నీళ్ళలోనే వదలాలి. వదిలాక ఓ గంట ముట్టుకోకు, అప్పుడు మొదలుపెట్టు. మేత తిన్నవి ఎక్కువ పీలుస్తాయి, ఖాళీ కడుపువి తక్కువ పీలుస్తాయి, అన్నిటినీ ఒకేలా ఉంచాలి. వడకట్టిన నీళ్ళలో కాసేపు ఉంచితే కడుపులో పచ్చగా కనపడేది పోతాది, మైక్రోస్కోప్‌లో నీకే తెలుస్తాది. గుడ్లున్నవీ లేనివీ కలపకు, గుడ్లు కూడా ఊపిరి తీసుకునేవే.

ఇంకోటి, ఇంక్యుబేటర్ తలుపు తీసిన ప్రతిసారీ లోపల గాలి మారిపోద్ది. బాటిళ్ళని నీళ్ళు నింపిన పెద్ద థర్మోకోల్ పెట్టెలో మెడ దాకా ముంచి ఆ పెట్టెని ఇంక్యుబేటర్‌లో పెట్టు, కరెంటు ఓ పావుగంట పోయినా ఆ నీళ్ళు తొందరగా కదలవు. మన వైపు వేసవిలో ల్యాబ్ పొద్దున్న ఒకలా మధ్యాన్నం ఇంకోలా ఉంటాది కదా.

పర్లాకిమిడి_అబ్బాయి

హేచరీ అన్న చెప్పిన టెంపరేచర్ సంగతికి ఒక అంకె కలుపుతా. 30 డిగ్రీల దగ్గర 7.56, 31 దగ్గర 7.43. అంటే ఒక్క డిగ్రీ మారితేనే గాలితో కలిసిన నీళ్ళలో పట్టే ఆక్సిజన్ పావుతక్కువ రెండు శాతం దాకా మారుతుంది. మనం వెతికేది 5 శాతం, 10 శాతం తగ్గుదల కాబట్టి అర డిగ్రీ ఊగిసలాట కూడా చిన్న విషయం కాదు.

నేను ఈ పనే చేస్తున్నా, జంతువులు వేరు. లెక్చరర్ గారు వింక్లర్‌తో పనవుతుందన్నట్టు చెప్పారు, గుంపు మీద అవుతుంది, కాదనను. కానీ వింక్లర్‌లో మీకు మొదటి అంకె, చివరి అంకె రెండే ఉంటాయి, మధ్యలో ఏం జరిగిందో తెలీదు. మొదటి ఇరవై నిమిషాలు బెదిరి గబగబా పీల్చి తర్వాత సర్దుకుందా, చివర్లో ఒకటి చచ్చిపోయిందా, ఇవేవీ కనపడవు. ఒక్కో జంతువునీ విడిగా కొలవాలంటే చిన్న గాజు వయల్, లోపల ఆప్టికల్ సెన్సర్ చుక్క, అదే ఇప్పటి పద్ధతి. వయల్ లోపలి గోడకి రంగుపదార్థం ఉన్న చిన్న బిళ్ళ అంటిస్తారు, బయట నుంచి ఫైబర్‌తో కాంతి కొడితే అది మెరుస్తుంది, చుట్టూ ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే మెరుపు అంత తొందరగా ఆరిపోతుంది, ఆ ఆరే వేగం చూసి ఎంతుందో చెప్తుంది. మూత తియ్యక్కర్లేదు, సెకన్ల తేడాతో రీడింగ్ తీసుకోవచ్చు, గీత గీస్తే వాలు నేరుగా కనపడుతుంది. 2 ఎంఎల్ వయల్‌లో మొత్తం ఆక్సిజన్ 15 మైక్రోగ్రాములే, సార్ చెప్పిన లెక్క ప్రకారం పది మొయినా గంటకి 1 మైక్రోగ్రాము తీసుకుంటే రెండు గంటల్లో 13 శాతం పడిపోతుంది. అదే పురుగులు, నీళ్ళు మాత్రమే మారాయి. 24 గుంటల గాజు ప్లేట్లు కూడా ఉన్నాయి, ఒక్కో గుంట కొన్ని వందల మైక్రోలీటర్లే, అందులో ఒక్క మొయినా చాలు.

మీ దగ్గరున్న మెంబ్రేన్ ప్రోబ్ మాత్రం చిన్న వయల్‌లో పెట్టొద్దు. అది క్లార్క్ ఎలక్ట్రోడ్ రకం, లేలండ్ క్లార్క్ రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి చేసింది, 1956లో పేపర్ వచ్చింది. అది పని చెయ్యాలంటే కాథోడ్ దగ్గర తనే ఆక్సిజన్ తినాలి, పైగా మెంబ్రేన్ మీదుగా నీళ్ళు కదుల్తూ ఉండాలి, నిలవనీళ్ళలో రీడింగ్ తనంతట తనే కిందికి జారుతుంది. పెద్ద బాటిల్‌లో ఫరవాలేదు, 2 ఎంఎల్‌లో అయితే పురుగు తిన్నదెంతో ప్రోబ్ తిన్నదెంతో విడదియ్యడం కష్టం. వీటికోసమే సన్నని సూది మొన లాంటి మైక్రో ఎలక్ట్రోడ్‌లు వేరే ఉన్నాయి, అవి తినేది చాలా తక్కువ.

బాటిల్‌లో ఇరుక్కునే గాలి బుడగ గురించి ఎవరూ చెప్పలేదు, అసలు శత్రువు అదే. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, నీళ్ళలో కరిగేది చాలా కొంచెం, ఒకే ఘనపరిమాణం తీసుకుంటే గాలిలో ఉన్నది నీళ్ళలో కన్నా 35 రెట్లు దాటే ఉంటుంది. 10 మైక్రోలీటర్ల బుడగ అంటే ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అంతే, అందులో సుమారు 2.7 మైక్రోగ్రాములు ఉంటుంది, పది మొయినా రెండు గంటలు తినేదానికన్నా ఎక్కువ. నీళ్ళలో తగ్గేకొద్దీ బుడగలోంచి వచ్చి కలుస్తుంటుంది, మీ రీడింగ్ కదలదు. అందుకే మూత నీళ్ళ లోపలే ముంచి బిగించాలి, తర్వాత వయల్‌ని తలకిందులు చేసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడాలి. చల్లటి నీళ్ళు నింపి వేడి గదిలో పెడితే బుడగలు వాటంతట అవే పుడతాయి, కాబట్టి నీళ్ళు కూడా ప్రయోగం జరిగే టెంపరేచర్‌కి ముందే రావాలి. ప్లాస్టిక్ వయల్, సిలికాన్ మూత రెండూ వద్దు, సిలికాన్‌లోంచి ఆక్సిజన్ సులువుగా దూరిపోతుంది. గాజు వయల్, గాజు మూత.

సెన్సర్ ఉంటే రెండు పాయింట్ల దగ్గర కాలిబ్రేట్ చెయ్యాలి, సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్ళు సున్నాకి, గాలి బాగా కొట్టిన నీళ్ళు నూటికి. సెన్సర్ మీ కాలేజీలో లేకపోతే బార్కుల్‌లో చిలికా వాళ్ళ వెట్‌ల్యాండ్ రీసెర్చ్ సెంటర్ ఉంది, విశాఖలో సముద్ర పరిశోధన సంస్థ ఎన్ఐవో రీజినల్ సెంటర్ ఉంది, మీ గైడ్ చేత ఉత్తరం రాయించి కొన్నాళ్ళు వాడుకోనిస్తారేమో అడిగి చూడండి.

ఈ విషయం మీద ఇష్టం ఉంది కాబట్టి ఇంకొక్క మాట. సెన్సర్లు లేని రోజుల్లో కూడా ఒక్క కోపీపాడ్ ఊపిరిని కొలిచారు. 1937లో కోపెన్‌హాగన్ కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో లిండర్‌స్ట్రోమ్ లాంగ్ కార్టీజియన్ డైవర్ అని చేశాడు. సన్నని మెడ ఉన్న చిన్న గాజు బుడ్డి, లోపల నీటిబొట్టులో జీవి, పైన కొన్ని మైక్రోలీటర్ల గాలి, మెడలో చుక్క క్షారం. జీవి ఆక్సిజన్ తీసుకుంటుంది, అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని క్షారం పీల్చేస్తుంది, లోపల గాలి తగ్గి బుడ్డి మునగబోతుంది, దాన్ని అదే ఎత్తులో నిలపడానికి బయట ఒత్తిడి ఎంత తగ్గించాలో చూసి ఎంత ఆక్సిజన్ పోయిందో లెక్కగడతారు. తర్వాత జాయ్‌తెన్ అని ఆయన దీంతోనే సముద్రపు చిన్న జీవాల మీద బోలెడు పని చేశాడు. ఆ బొమ్మలు చూస్తే మనుషుల ఓపికకి దండం పెట్టాలనిపిస్తుంది.

బరంపురం_అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బార్కుల్‌కి ఉత్తరం సంగతి రేపే సార్‌ని అడుగుతా. కానీ అది ఎప్పటికి తేలుతుందో తెలీదు కాబట్టి ఈలోపు వింక్లర్‌తోనే గుంపు మీద చెయ్యాలనుకుంటున్నా. లెక్చరర్ సార్, పురుగులు లోపలుండగానే వింక్లర్ రీఏజెంట్ మాంగనీస్ సల్ఫేట్ పోసెయ్యొచ్చా? ఎన్ని వెయ్యాలి? పర్లాకిమిడి అన్నా, కోపీపాడ్‌లు ఉప్పునీళ్ళవి కదా, వాటికి లెక్క ఏమైనా మారుతుందా? ఇంకోటి, బరువుకి లెక్కగట్టాలి అంటున్నారు, ఇంత చిన్నదాన్ని తూచేది ఎలగ?

ఇచ్ఛాపురం_లెక్చరర్

పురుగులు ఉండగా పొయ్యకమ్మా. వింక్లర్‌లో ఆక్సిజన్ ఎంతుంటే దానికి తగ్గట్టు అయోడిన్ విడుదలవుతుంది, మనం టైట్రేట్ చేసేది దాన్నే, చచ్చిన పురుగులోని పదార్థం ఆ అయోడిన్‌ని కొంత తినేస్తుంది, అంకె తప్పొస్తుంది. 125 ఎంఎల్ గాజు మూత బాటిల్ తీసుకుని ఓ 300 మొయినా వెయ్యి. ఎంఎల్‌కి రెండున్నర కన్నా తక్కువే అవుతుంది, మొయినాకి అది మరీ ఇరుకు కాదు, పెంచే తొట్లలో ఇంతకన్నా దట్టంగా ఉంటాయి. మూడు గంటల్లో సుమారు 90 మైక్రోగ్రాములు పోవాలి, బాటిల్‌లో ఉన్న దాంట్లో దాదాపు పదో వంతు. బాటిల్‌ని చీకట్లో ఉంచి అప్పుడప్పుడు నెమ్మదిగా తలకిందులు చేస్తుండు, నీళ్ళు కలుస్తాయి.

టైము అయ్యాక సన్నని ట్యూబు మూతికి సిల్కు గుడ్డ కట్టి 30 ఎంఎల్ గాజు మూత సీసాలోకి సైఫన్ చెయ్యి, ట్యూబు సీసా అడుగుకి తగిలి ఉండాలి, బుడగ రాకుండా నీళ్ళు అంచు దాటి బాగా పొర్లాలి. రీఏజెంట్లు 300 ఎంఎల్‌కి 2 ఎంఎల్ పోసేదానివి దీనికి 0.2 పొయ్యి చాలు. పొయ్యగానే గోధుమరంగు అవక్షేపం మబ్బులా దిగుతుంది, తెల్లగా దిగితే ఆక్సిజన్ లేదని అర్థం. తర్వాత 25 ఎంఎల్ తీసి టైట్రేట్ చెయ్యి, అయితే థయోసల్ఫేట్‌ని పదింతలు పలచన చేసి 0.0025 నార్మల్ చేసుకో. 0.025తో చేస్తే నీ తేడా 0.1 ఎంఎల్ లోపే, రెండు చుక్కలు. పలచన చేస్తే అదే దాదాపు 0.9 ఎంఎల్ వస్తుంది, హాయిగా చదవొచ్చు. పలచన ద్రావణం నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే చేసి స్టాండర్డైజ్ చేసుకో. స్టార్చ్ చివర్లో లేత గడ్డిరంగు వచ్చాక వెయ్యి. వింక్లర్ ఇది చెప్పింది 1888లో, ఇప్పటికీ కొత్త సెన్సర్లని దీంతో సరిచూసుకుంటున్నారు, ల్యాబ్‌లో పాత పద్ధతి అని ఎవరైనా అంటే పట్టించుకోకు.

పురుగుల్ని మొదటే ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే అవి అలసిపోతాయి. అంచనాగా వేసి, ప్రయోగం అయ్యాక గుడ్డకి మిగిలినవాటిని కూడా కడిగి కలిపి ఫార్మలిన్‌లో వేసి అప్పుడు తీరిగ్గా లెక్కపెట్టు. తూచడానికి కావల్సినవి మాత్రం ఫార్మలిన్‌లో వెయ్యకుండా వేరే తియ్యి.

పర్లాకిమిడి_అబ్బాయి

ఉప్పు లెక్క మారుతుంది. 30 డిగ్రీల్లో మంచినీళ్ళు లీటరుకి 7.56 పట్టుకుంటే 35 పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పున్న సముద్రపు నీళ్ళు 6.2 దగ్గరే ఆగిపోతాయి. ప్రోబ్‌లు, ఆప్టికల్ సెన్సర్లు అసలు కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని, మిల్లీగ్రాములు మీటరు లెక్కగట్టి చూపిస్తుంది, అందులో సాలినిటీ, అంటే ఉప్పుదనం, సున్నా పెట్టి ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. చిలికాలో వర్షాకాలం ఒక ఉప్పు, ఎండాకాలం ఇంకో ఉప్పు, కాబట్టి శాంపుల్ తెచ్చిన ప్రతిసారీ రిఫ్రాక్టోమీటర్‌తో చూసి ఆ అంకె మీటర్‌లో పెట్టండి. వింక్లర్‌లో అయితే ఈ గొడవ లేదు, అది ఉన్న ఆక్సిజన్‌నే నేరుగా లెక్కపెడుతుంది. కోపీపాడ్‌లని వాటి ఉప్పులోనే కొలవండి, మొయినాతో పోల్చడానికని ఉప్పు మార్చొద్దు.

బరువుకి ఒక్కదాన్ని తూచడం మామూలు బ్యాలెన్స్‌తో అవ్వదు. ముందే ఆరబెట్టి తూచి ఉంచుకున్న చిన్న అల్యూమినియం ఫాయిల్ గిన్నెలో ఒకే సైజువి ఓ వంద వేసి 60 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచండి, తేమ తగలని డెసికేటర్‌లో చల్లార్చి మైక్రోబ్యాలెన్స్‌లో తూచి వందతో భాగించండి. దాంతోపాటు కొన్నిటి పొడవు ఆక్యులర్ మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకుంటే తర్వాత పొడవు చూసే బరువు అంచనా వెయ్యొచ్చు. కోపీపాడ్‌లని మాత్రం ఓవెన్‌లో పెట్టేముందు ఒక్క క్షణం డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తియ్యాలి. 20 పీపీటీ నీళ్ళు ఒక్క మైక్రోలీటరు ఒంటికి అంటుకుని ఎండితే 20 మైక్రోగ్రాముల ఉప్పు మిగులుతుంది, చిన్న కోపీపాడ్ ఎండు బరువు అంత కూడా ఉండదు.